పూజలో పెట్టిన ఫోను

ఇన్నేళ్లుగా నా తప్పును వేరొకావిడ మోస్తోంది. ఆ సంగతి ఆవిడకు తెలియదు. తెలిసింది నాకొక్కదానికే. పదిహేనేళ్లు దాటింది. ఈ మధ్యలో నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, జీతం పెరిగింది, మోకాళ్ల నొప్పులు కూడా వచ్చాయి. ఇది మాత్రం వదల్లేదు. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, బహుశా అందుకే నోరు పెగులుతోంది. మధ్యలో నన్ను నేను సమర్థించుకోబోతే పట్టుకోండి. ఆ పని నాకు బాగా వచ్చు.

ఇదంతా ఒక ఫోను గురించి. నవ్వకండి. ఇప్పుడు కొత్తిమీర అమ్మే ఆమె ఫోనులోనూ మెయిలు వస్తుంది. అప్పట్లో ఆఫీసు మెయిలు ఆఫీసులోనే చూసేవాళ్లం. చేతిలో ఉన్న ఫోనులో మెయిలు చదువుకుంటూ ఎవరైనా లిఫ్టులోకి వస్తే మేమందరం కాస్త పక్కకు జరిగి చోటిచ్చేవాళ్లం.

మా ఆఫీసు హైటెక్ సిటీలో. ఆస్ట్రేలియాలో ఒక సరుకుల కంపెనీ మా టీము క్లయింటు. వాళ్ల గోదాముల నుంచి లారీలు బయలుదేరాలంటే ముందు మేము చూసుకునే సిస్టం ఒక లిస్టు ఇవ్వాలి. అది ఎక్కడైనా ఆగిపోతే వాళ్లు మెయిలు పెడతారు. మేము చూసి, సర్వరు గదిలో డ్యూటీలో ఉన్నవాళ్లకు ఏం చేయాలో ఫోనులో చెబుతాం. మేము చెప్పందే వాళ్లు ఏదీ ముట్టుకోరు. అంతే పని. చిక్కల్లా ఒకటే, వాళ్లకు పొద్దెక్కే వేళకు మనకింకా తెల్లవారదు. పండగైనా పబ్బమైనా మాలో ఒకరు ఐదింటికల్లా క్యాబులో ఆఫీసుకు చేరి ఆ మెయిలు ముందు కాపలా కూర్చోవాలి.

ఒకరోజు మా మేనేజరు నన్ను పిలిచి, టీముకొక ఫోను కొందామని, అది ఎవరి దగ్గరుంటే వాళ్లు సెలవు రోజుల్లో ఇంటి నుంచే మెయిలు చూసి కాల్స్ చేసుకోవచ్చని, ఏ ఫోనైతే బాగుంటుందో నన్నే చూసి చెప్పమని అన్నారు. ఆ ఫోను ఎవరి చేతికిస్తే జనవరి నుంచి వాళ్లే టీము లీడు అని అప్పటికే గుసగుసలున్నాయి. నన్ను ఎంచమన్నారంటే నాకే ఇస్తారని అనుకున్నాను. అనుకోనా? మీరైతే అనుకోరా?

ఆ మూడు వారాలు పెళ్లిచూపులకు తిరిగినట్టు తిరిగాను. కొత్తగూడ చౌరస్తాలో నన్ను గుర్తుపట్టని సెల్‌ఫోను షాపు లేదు. అద్దాల అరల్లో డమ్మీలు పెట్టేవారు. లోపల ఏమీ ఉండదు, తెర ఉండాల్సిన చోట కాగితం బొమ్మ అంటించి ఉంటుంది. వాటినే చేతిలోకి తీసుకుని బొటనవేలు ఎంతవరకు అందుతుందో చూసుకునేదాన్ని. చివరికి రెండు మిగిలాయి. ఒకటి తెర మీద పుల్లతో గీసేది. చూడ్డానికి సోకుగానే ఉంది. కానీ క్యాబు గతుకులో పడితే ఒక అక్షరం మీద పెట్టిన పుల్ల ఇంకో అక్షరం మీద పడుతుంది. రెండోది మీటలున్నది. తెర చిన్నదే. కింద బియ్యపు గింజల్లాంటి మీటలు, నాలుగు వరసలు. నా వేళ్లు సన్నవి. ఆ మీటలు నా కోసమే చేసినట్టున్నాయి.

నా రూమ్మేటు అన్నయ్య దగ్గర ఆ ఫోనే ఉంటే ఒక ఆదివారం అడిగి తెచ్చుకున్నాను. మణికొండలో మేము నలుగురం కలిసి ఉన్న ఫ్లాటులో, ఎవరి ఫోనుకూ సిగ్నల్ అందని బాత్రూములో నిలబడి మా అమ్మకు చేశాను. పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టుందే అంది. ఆ పూటంతా దాని మెనూలన్నీ తిరగేశాను. మేనేజరు కోసం మూడు పేజీల నోటు రాశాను. నాలుగో పేజీ ఒకటుంది, అది ఆయనకివ్వలేదు. ఫోను నా చేతికి రాగానే నేను చేసుకోవాల్సిన పనుల జాబితా అది. మొదటి పని, వేళలు మార్చడం.

ఇది కాస్త ఓపిగ్గా వినండి, నా పాపమంతా ఇందులోనే ఉంది. ఆ ఫోను మెయిలు తెచ్చుకోవడానికి కొన్ని వేళలు పెట్టుకుని ఉంటుంది. పెట్టెలోంచి తీసినప్పుడు అవి సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా. ఆ వేళల్లో మెయిలు దానంతటదే వచ్చి మోగుతుంది. మిగతా వేళల్లో మనం లోపలికి వెళ్లి మీట నొక్కి తెచ్చుకుంటేనే వస్తుంది. లేదంటే ఆ వేళలే మార్చుకోవాలి. మార్చడానికి అర నిమిషం చాలు. మాకు పని పడేదే ఎనిమిదికి ముందు. అందుకని, ‘నాలుగు నుంచి’ అని రాసి దాని కింద రెండు గీతలు గీసుకున్నాను.

దసరాకు పది రోజుల ముందు పెట్టె వచ్చింది. మేనేజరు గదిలోకి పిలిచారు. పక్కన స్వరూప నిలబడి ఉంది. ఫోను స్వరూప దగ్గర ఉంటుందని, అక్కడివాళ్లకు ఆమెతో మాట్లాడటం అలవాటైందని, నేను దాన్ని సెట్ చేసి ఆమెకు నేర్పించాలని చెప్పారు. మంచి ఫోను ఎంచావని మెచ్చుకున్నారు కూడా. ఒంటి మీద పెట్టుకుని చూసుకుని ఎంచుకున్న చీరను మడత పెట్టి వేరొకరికిచ్చినట్టు అనిపించింది. నవ్వాను. థాంక్యూ సర్ అన్నాను.

స్వరూప గురించి చెప్పాలి. నాకన్నా రెండేళ్లు చిన్నది, నన్ను అక్కా అనేది. నానక్‌రామ్‌గూడ వాళ్ల ఊరే. టవర్లు లేవకముందు నుంచి వాళ్లకక్కడ బర్రెలున్నాయి, వాళ్ల నాన్నది పాల వ్యాపారం. ఒక్కోరోజు ఆయన స్కూటరు మీద, పాల క్యాన్ల మధ్య కూర్చుని ఆఫీసుకు వచ్చేది, ఏ సిగ్గూ లేకుండా. నేను మిషనరీ స్కూల్లో చదివాను. నా ఇంగ్లీషులో తప్పు పట్టడం కష్టం. ఆమె ఇంగ్లీషులో ప్రతి వాక్యానికీ ఒక కాలు విరిగి ఉండేది. అయినా ఫోనులో అవతలున్న ఆస్ట్రేలియా ఆవిడ స్వరూపతో పకపకా నవ్వేది, కుక్కపిల్లకు ఒంట్లో బాగోలేదని చెప్పుకునేది. నాతో మాత్రం పని ముగించి పెట్టేసేది. నాకు కడుపు మండేది. అవును, అసూయే. అప్పట్లో దానికి ఎన్నో పేర్లు పెట్టుకున్నాను. అన్యాయమన్నాను, నా కష్టానికి గుర్తింపు లేదన్నాను, మేనేజరుకు మనిషిని చూడటం రాదన్నాను. ఆమె టిఫిను డబ్బాలో వాళ్లమ్మ పెట్టిన వేడి సర్వపిండి చూసినా మండేది. నేనేమో మెస్సు అన్నం తినేదాన్ని. ఆమె నాకు సగం విరిచి పెట్టేది. తినేదాన్ని కూడా. తింటూ మండేదాన్ని.

మా అంతస్తులోకి కెమెరా ఉన్న ఫోను తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గర అరలో పెట్టి వెళ్లాలి. అందుకని మధ్యాహ్నం క్యాంటీనులో కూర్చుని నేర్పించాను. మెయిలు అకౌంటు పెట్టాను. సర్వరు గది నంబర్లు ఎక్కించాను. కొత్త నంబరు క్లయింటు పక్క ఇంకా అందరికీ చేరలేదు కాబట్టి మెయిలు మీదే ఆధారపడాలని కూడా నేనే చెప్పాను. తర్వాత పైన సీట్లో ఉన్నవాళ్లతో ఒక మెయిలు పంపించి చూపించాను. రెండు క్షణాల్లో ఫోను మోగింది. స్వరూప చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆమె వేళ్లు లావు. పేరు కొట్టబోతే రెండేసి మీటలు ఒకేసారి పడుతున్నాయి. నాకెంత సంతోషమనిపించిందో చెప్పలేను.

అప్పుడడిగింది.

“అక్కా, పొద్దుగాల గూడ గిట్లనే వస్తదా? నేనేమన్న ఒత్తాల్నా?”

అర నిమిషం పని. మెనూ నా వేళ్లకు కంఠతా వచ్చు. ఆ ప్రశ్నకు ఆమె అడిగినంత తేలిగ్గానే జవాబు చెప్పొచ్చు. నేను ఫోను అటూ ఇటూ తిప్పాను.

“ఏం ఒత్తక్కర్లేదు స్వరూపా. ఎప్పుడైనా అంతే, అదే వస్తుంది.”

“అయితే ఫికర్ లేదు ఇగ,” అంది.

ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, నేనేమీ చేయలేదు అని. నిజమే మరి, నేను ఒక్క మీటా మార్చలేదు. ఫోను పెట్టెలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. మరిచిపోయానని చెబితే ఎవరైనా నమ్ముతారు. నేనే సగం నమ్మాను. కానీ రెండు గీతలు గీసుకున్నది ఎలా మరిచిపోతాను? పైగా ఆమె నోరు తెరిచి అడిగింది కదా? ఆ తర్వాత కూడా పది రోజులున్నాయి. రోజూ కనబడేది. రోజూ తెల్లవారుజామున ఆఫీసుకే వచ్చి కంప్యూటరు ముందు కూర్చునేది. ఆ వేళకు ఫోను గేటు దగ్గర అరలో ఉంటుంది కాబట్టి అది మోగడం లేదని ఆమెకు తెలిసే దారి లేదు. నాకు తెలుసు. ఏం జరగాలని కోరుకున్నాను? లారీలు ఆగాలని కాదు. ఆమె ఒక్కసారి, ఒకే ఒక్కసారి తడబడాలని. అందరూ చూస్తుండగా.

దసరా సెలవు వచ్చింది. ఆఫీసులో మా టీమువాళ్లెవరూ లేరు. మొదటిసారి అంతా ఆ ఫోను మీదే ఆధారం. ఆ రోజు వాళ్లింట్లో ఏం జరిగిందో స్వరూప మర్నాడు మీటింగులో చెప్పింది, ఆ ముక్కలే నాకు తెలుసు. ఆయుధ పూజకని వాళ్లమ్మ కొడవలి, తక్కెడ, పాల క్యాన్లు, స్కూటరు తాళాలు అన్నీ కడిగి బొట్లు పెట్టి లోపలి గదిలో అమ్మవారి ముందు పెట్టింది. ఎవరికి అన్నం పెట్టేది వాళ్ల ఆయుధం కదా. బిడ్డ ఆయుధం ఇదని ఫోను కూడా అడిగి తీసుకుంది. స్వరూప వద్దనలేదు, మోగితే వినబడుతుందిలే అనుకుంది. వాళ్లమ్మ ఫోనుకు పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు వేసి, ప్రసాదాల్లో పిల్లి దూరుతుందని తలుపు దగ్గరికేసింది.

అయిదున్నరకు సిస్టం ఆగింది. అక్కడి నుంచి నాలుగు మెయిళ్లు వచ్చాయి. ఎనిమిది ప్రాంతంలో వాళ్లింట్లో హారతికని తలుపు తీసి అందరూ లోపల నిలబడ్డారు. హారతి సగంలో ఉండగా, సరిగ్గా ఎనిమిది కాగానే, నాలుగు మెయిళ్లూ వరసగా మోగాయట. అప్పటికి ఆస్ట్రేలియావాళ్లు ఎవరెవరినో పట్టుకుని మా మేనేజరుకు ఫోన్ చేసి ఉన్నారు. రెండున్నర గంటలు లారీలు కదల్లేదు.

స్వరూప తల దించుకుని చెప్పింది. వాళ్లది పాత ఇల్లని, లోపలి గదికి గోడలు మందమని, ఇనుప సామాను నడుమ పెట్టడంతో సిగ్నల్ అందలేదేమోనని, తలుపు తీశాకే వచ్చిందని. ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు నా వైపు తిరిగారు. ఫోన్ల సంగతి నాకే కదా తెలిసింది. అలా లోపల పెడితే సిగ్నల్ పోతుందా అని అడిగారు.

చూడండి, దేవుడు నాకు రెండో అవకాశం ఇచ్చాడు. అందరి ముందూ, ఇంకా ఏమీ చేయి దాటకముందే. సెట్టింగు ఒకటి చూడాలి సర్ అంటే చాలు. నా తప్పని కూడా ఒప్పుకోనక్కర్లేదు, పొరపాటున మిగిలిపోయిందంటే సరిపోయేది.

“పోవచ్చు సర్,” అన్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలపాటు మా అంతస్తులో అదే జోకు. ప్రింటరు ఆగితే హారతి ఇమ్మనేవారు. ఫోను పోతే కొబ్బరికాయ కొట్టమనేవారు. స్వరూప కూడా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆమెను టెస్టింగు టీముకు మార్చారు. క్లయింటుతో మాట్లాడే పని లేని చోటికి. వేసవి రాకముందే ఉద్యోగం మానేసింది. వెళ్లేరోజు నాకు సర్వపిండి తెచ్చింది.

ఫోను నాకిచ్చారు. నేను కోరుకున్నట్టే, నేను ఎంచుకున్నదే. మీటల సందుల్లో కుంకుమ ఇరుక్కుని ఉంది. నా సీటు దగ్గరికి కూడా వెళ్లలేదు. గేటు బయట మెట్ల మీద కూర్చుని మొట్టమొదట చేసిన పని వేళలు మార్చడం. నాలుగు నుంచి. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత వచ్చిన సెలవునాడు అయిదూ నలభైకి మెయిలు వస్తే ఇంట్లోంచే చూసి రెండు నిమిషాల్లో సరిచేయించాను. జనవరిలో లీడునయ్యాను. ఆ కుంకుమను పుల్లతో తీశాను, గుడ్డ పెట్టి తుడిచాను. కొంత పోయింది. కొంత అలాగే ఉండిపోయింది.

ఇదంతా జరిగి ఎన్నో ఏళ్లయ్యాక, రెండేళ్ల కింద మా ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకు మారింది. నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో దిగుతుంటే ఎవరో అక్కా అని పిలిచారు. ఆ గొంతు గుర్తుపట్టి, వినబడనట్టు ముందుకు నడవబోయాను. స్వరూప చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్లింది. పాత ఇల్లు లేదు. నాలుగంతస్తులు వేసి కింద లేడీస్ హాస్టలు నడుపుతోంది. బాగుంది, నాకంటే బాగుంది. నా మనసు వెంటనే గంతేసింది, చూశావా, ఆమెకు నష్టమేమీ జరగలేదు, ఒకరకంగా మేలే జరిగింది అని. చెప్పాను కదా, ఆ పని నాకు బాగా వచ్చని.

వాళ్లమ్మ గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఫోను నేర్పించిన అక్క అని స్వరూప చెప్పింది. ఆవిడ చేట పక్కన పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది.

“నువ్వు మంచిగనే నేర్పినవ్ బిడ్డా. నేనే ఆగం జేసిన. గా ఫోన్‌ను దేవుని కాడ వెట్టకపోతే నా పిల్ల నౌకరి ఉంటుండె.”

“ఊకో అమ్మా, ఎన్నిసార్లంటవ్ అదే ముచ్చట,” అంది స్వరూప టీ తేవడానికి లోపలికి వెళుతూ.

ఆవిడ గొంతు తగ్గించింది. “అప్పటిసంది ఆయుధ పూజకు ఏదీ వెడతలేను. కత్తిపీట గూడ వెట్టను. నా చెయ్యి మంచిది గాదు, భయమైతది.”

ఆవిడ చేతులు నా చేతుల్లో ఉన్నాయి. చిక్కుడు పసరు అంటి తడిగా ఉన్నాయి. ఇదీ నాకు దొరికిన మూడో అవకాశం. ఎదురుగా మేనేజరు లేడు, ఉద్యోగం పోయేది లేదు. ముసలావిడ, నేను. నేనేమన్నానో తెలుసా?

“పోనీలెండి అమ్మా. మీరు కావాలని చేయలేదు కదా.”

ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను మన్నించినందుకు ఆవిడకు ఎంతో నిమ్మళమైనట్టుంది. టీ తాగాను. ఇంకో అర కప్పు పోస్తే అదీ తాగాను. ఆ రోజు నుంచి నానక్‌రామ్‌గూడకు ముందు స్టాపులోనే దిగి, పది నిమిషాలు నడిచి చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళుతున్నాను.

అసూయ నన్నేం చేసిందని అడిగితే, పెద్దగా ఏమీ చేయలేదనే చెప్పాలి. మంచి ఉద్యోగమే ఇచ్చింది. ఒక తల్లికి తన చేతుల మీద తనకే నమ్మకం లేకుండా చేసింది. ఏటా దసరాకు మా ఆఫీసులో కంప్యూటర్లకు బొట్లు పెడతారు, నన్ను కొబ్బరికాయ కొట్టమంటారు. సీనియరుని కదా. కొడతాను.

ఇది చదివి మీరు నన్ను తిట్టుకోవచ్చు, తిట్టుకోండి. వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పాలనే ఉంది. చెబితే ఆవిడకు మేలా, నాకు మేలా అని ఆలోచిస్తున్నట్టు నటిస్తూ రోజులు గడుపుతున్నాను. నిజానికి నాకు భయం. స్వరూప నన్ను అక్కా అని పిలవడం మానేస్తుందని భయం. ఎన్ని ఉంచుకున్నానో చూడండి, ఆ పిలుపు కూడా నాకే కావాలి.

పాత ఫోను బీరువాలో చీరల కింద ఉంది. ఇందాక తీసి పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను. బ్యాటరీ ఉబ్బిపోయింది, ఇక వెలగదు. కింది వరసలో మీటల మధ్య ఎర్రగా ఇంకా కొంచెం కనబడుతోంది. ఒక్క మాట ఇన్నేళ్లలో ఎప్పుడూ పైకి అనలేదు, కాగితం మీదైనా పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను. పెడుతుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, అంతకు మించి నాకేమీ రాదని తెలుసు. ఆ పొద్దున ఆ తల్లి ఫోనును పూజలో పెట్టకపోయినా, రాత్రంతా నిద్ర మానుకుని స్వరూప దాన్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నా, అది మోగేది కాదు.